కాఫీ పండ్ల తూకం వద్ద పాల సంఘాలు నేర్వదగినది

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల తరగతిలో కాఫీ గురించి ప్రసంగమని కార్యక్రమ పత్రంలో చూచి కొందరు నవ్వుకున్నారని తెలిసింది. కాఫీకి పాలు కావాలి గాని పాలకు కాఫీ ఎందుకండీ అని ఒక కార్యదర్శిగారు ఇందాక టీ వేళ మమ్మల్ని అడిగారు కూడా. పైగా మేము చెప్పబోయే మేలురకం కాఫీని త్రాగేవారిలో చాలామంది పాలు కలుపుకోరు, నల్లగానే త్రాగుతారు. ఆ లెక్కన అది మన వృత్తికి నష్టం కలిగించే సరుకే! అయినా ఆ విషయమే ఎందుకు ఎత్తుకున్నామంటే, చిన్న రైతులు ఉమ్మడి కేంద్రానికి తెచ్చి పోసే సరుకులలో పాలకు దగ్గరి చుట్టం కాఫీ పండు. ధాన్యం గాదెలో నెలల తరబడి ఆగుతుంది. పత్తి ఆగుతుంది. పాలు ఆగవు. చెట్టు నుండి కోసిన కాఫీ పండు కూడా ఆగదు. కోసిన నాడే పై తొక్క తీయకపోతే సంచిలోనే వేడెక్కి పులియడం మొదలవుతుంది. ఇంకొక పోలిక కూడా ఉన్నది. నలుగురి పాలు ఒక్క క్యానులో కలిసినట్లే నలుగురి పండ్లు ఒక్క తొట్టిలో కలుస్తాయి. కలిసిన తరువాత ఎవరివి మంచివో, ఎవరివి చెడ్డవో బ్రహ్మదేవుడైనా విడదీయలేడు.

మేలురకం కాఫీ అంటే ఏమిటో ముందు రెండు మాటలు. కాఫీ వ్యాపారంలో రుచి చూచి మార్కులు వేసే నిపుణులుంటారు. వాసన, పులుపు, తీపి, త్రాగిన తరువాత నాలుకపై నిలిచే రుచి, ఒక కప్పుకూ మరొక కప్పుకూ తేడా లేకపోవడం వంటి అంశాలకు విడివిడిగా మార్కులు వేసి కలుపుతారు. చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం 100కు 80గాని అంతకు మించి గాని వచ్చినదానిని స్పెషాలిటీ కాఫీ అంటారు. ఈ పేరును అమెరికాలో ఎర్నా నట్సన్ అనే కాఫీ వ్యాపారిణి 1974లో ఒక వాణిజ్య పత్రికలో వాడగా అది స్థిరపడింది. మనం గెర్బర్ గొట్టంలో వెన్న శాతం చూచినట్లే అక్కడ నాలుకతో చూస్తారు, అంతే తేడా.

ఇటువంటి కాఫీ ఎక్కడో దూరదేశంలోనే పండుతుందని అనుకోనక్కర లేదు. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అంటే 2022కు పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండిన అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్లు, అంతకు పైన ఉన్న కొండవాలులలో గిరిజన కుటుంబాలు రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ పెంచుతున్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. ఒక్కొక్క కుటుంబానికి సాధారణంగా ఎకరం, రెండెకరాలు. మన సభ్యులకు ఒకటి రెండు గేదెలున్నట్లే అనుకోండి. పోడు వ్యవసాయం తగ్గించాలని ప్రభుత్వం ప్రోత్సహించిన పంట ఇది. పూర్వం చాలామంది పండ్లను తొక్కతోనే ఇంటి ముందో, రోడ్డు ప్రక్కనో ఎండబెట్టి, వారపు సంతలో దళారికి పోసి వచ్చేవారు. తూకం ఆయనదే, ధర ఆయనదే, అప్పు పద్దూ ఆయన దగ్గరే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దళారుల పట్టు కొంత సడలించింది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చిన తరువాత, ఆ చట్టం క్రింద అరకు ప్రాంతపు చిన్న, సన్నకారు గిరిజన రైతులు తమ సంఘం తాము పెట్టుకున్నారు. నాంది ఫౌండేషన్ వారు దానికి తోడ్పడ్డారు. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. చింతపల్లిలో కూడా రైతుల నుండి పండ్లే తీసుకొని తక్కువ నీటితో తొక్క తీసే కేంద్రం ఒకటి నడుస్తున్నది.

పారిస్ పేరు వినగానే మీలో కొందరు మనసులో గుణకారం మొదలుపెట్టారు, మాకు తెలుసు! ఆ దుకాణపు ధరను రైతు ధర ప్రక్కన పెట్టి లెక్క కట్టకండి. సుమారు 6 కిలోల పండ్లకు ఒక కిలో శుద్ధమైన గింజ వస్తుంది. దానిని వేయిస్తే మరల తూకం తగ్గుతుంది. అంటే వేయించిన కిలో కాఫీ వెనుక 7 కిలోల పండ్లున్నాయి. ఆపైన ప్యాకింగు, ఓడ కిరాయి, దుకాణం అద్దె, పన్నులు. అయినప్పటికీ మామూలు సరుకుకూ మేలురకానికీ మధ్యనున్న ధర తేడా నిజమైనదే. ఆ తేడా ఎక్కడ పుడుతుందో కళ్లారా చూడవలెనని ఒక డిసెంబరు నెలలో మేము ఆ ప్రాంతపు కేంద్రమొకదానికి వెళ్లాము.

సాయంత్రం నాలుగు గంటలకు పండ్లు రావడం మొదలైంది. ఆడవారు, మగవారు సంచులు మోసుకొని కొండ దిగి వస్తున్నారు. కాఫీ పండ్లన్నీ ఒక్కసారి పండవు, కొమ్మ మీద ఎరుపు, పసుపు, పచ్చ కలిసి ఉంటాయి. ఒకే చెట్టు వద్దకు మూడు నాలుగు దఫాలు వెళ్లి ఎర్రనివి మాత్రమే ఏరి కోయాలి. తొందరపడినవారు కొమ్మ పట్టి దూస్తే అన్నీ రాలుతాయి. కేంద్రంలో కాంటా ముందర ఒక పెద్ద టార్పాలిన్ పరచి ఉన్నది. ఎవరి సంచి వారే దానిపై కుమ్మరించాలి. ఎవరి పచ్చికాయ వారే ఏరుకోవాలి. అది అయిన తరువాత పండ్లను నీళ్ల తొట్టిలో పోస్తారు. పురుగు తిన్నవి, తాలుకాయలు పైకి తేలుతాయి, వాటిని చేటతో తీసివేస్తారు. మునిగినవే కాంటా ఎక్కుతాయి.

ఒక ముసలమ్మ సంచిలో పచ్చివి ఎక్కువ వచ్చాయి. కాంటా దగ్గరి కుర్రవాడు, “అమ్మమ్మా, ఇవి చూడు” అన్నాడు. ఆమె సణుగుతూనే కూర్చొని ఏరింది. ఆమె ప్రక్కన ఏరుతున్న ఒక పెద్దమనిషి ఆ సంఘం పాలకవర్గ సభ్యుడని మాకు తరువాత తెలిసింది. ఆయన సంచి కూడా టార్పాలిన్ మీదికే వచ్చింది. ఆయనవీ తేలాయి, ఆయనవీ తీసివేశారు. ఎవరూ దానిని వింతగా చూడలేదు. మేము ఆ కేంద్రంలో యంత్రాలు, తొట్లు, దస్త్రాలు అన్నీ చూశాము గాని, ఇంటికి తెచ్చుకున్నది మాత్రం ఆ టార్పాలిన్ దృశ్యం ఒక్కటే.

తూకం అయిన తరువాత పని రాత్రి వరకు నడుస్తుంది. తొక్క తీసిన గింజకు తేనె వంటి జిగురు ఉంటుంది. దానిని తొట్టిలో ఉంచితే చలిని బట్టి అర్ధ దినమో, ఒక దినమో, ఒక్కొక్కప్పుడు అంతకు కొంచెం ఎక్కువో పులిసి జిగురు వదులుతుంది. గింజను చేతిలోకి తీసుకొని రుద్దితే గరగరలాడాలి. అదే గుర్తు. అప్పుడు కడుగుతారు. గంటలు మించితే పుల్లటి పాడు వాసన పడుతుంది. మన పాల పరీక్షకులు శ్రద్ధగా వినవలసిన సంగతి ఒకటి ఉన్నది. నిన్నటి గింజ ఒకటి యంత్రం సందులోనో, తొట్టి మూలలోనో ఇరుక్కొని ఉండిపోయిందనుకోండి. అది కుళ్లి నేటి సరుకులో కలుస్తుంది. దుర్వాసన గింజ అంటే అదే. చూపుకు దానిని కనిపెట్టడం కష్టం, కప్పులో మాత్రం బయటపడుతుంది. అందుకని ప్రతి రాత్రి యంత్రాన్ని విప్పి కడగడం వారికి నియమం. మన క్యాను మూత క్రింది రబ్బరు చుట్టు విప్పి కడుగుతున్నామా అని ఎవరికి వారు ప్రశ్నించుకొనవచ్చు. మేము చూచిన సంఘాలలో కడిగేవారు కడుగుతున్నారు, కడిగామని వ్రాసేవారు వ్రాస్తున్నారు.

ఆపైన ఎత్తైన మంచెల మీద, తీగ వల మీద ఆరబోత. రోజుకు చాలాసార్లు తిరగేయాలి, మంచుకు తడవకుండా రాత్రి కప్పాలి. తేమ 10 నుండి 12 శాతానికి దిగేవరకు సుమారు రెండు వారాలు. ఏ రోజు పండ్లు ఆ రోజు మంచె, ఆ మంచెకు తేదీ చీటీ. ఫలానా సరుకు చెడిందని కొనుగోలుదారు వ్రాస్తే, అది ఏ రోజుది, ఆ రోజు ఎవరెవరు పోశారు అని వెనక్కి పోయి చూడవచ్చు. ఇంటి దగ్గర చిన్న యంత్రంతో తొక్క తీసుకునే రైతులూ ఉన్నారు, వారిలో నేర్పరులూ ఉన్నారు. కాని వంద ఇండ్లలో వంద విధాలుగా పులిసిన గింజను ఒక్క బస్తాలో పోస్తే ఒక రుచి రాదు. ఉమ్మడి కేంద్రం అవసరం అక్కడ వస్తుంది.

ఆఫ్రికాలోని రువాండా దేశం ఈ సంగతినే మన కంటే కొంచెం ముందు తెలుసుకున్నది. అక్కడ 1994లో జరిగిన నరమేధంలో ఇంటి మగవారిని, అన్నదమ్ములను పోగొట్టుకున్న కుటుంబాలెన్నో. ఉన్నదల్లా కొండ మీద కొద్దిపాటి కాఫీ చెట్లు. ఎవరింటి దగ్గర వారు తొక్క తీసి, బక్కెట్టులో కడిగి, అందినకాడికి అమ్మేవారు. దక్షిణ ప్రాంతంలో మరాబా అనే చోట 1999లో రెండు వందల పైచిలుకు రైతులు సంఘంగా ఏర్పడ్డారు. 2001లో విశ్వవిద్యాలయం వారి తోడ్పాటుతో, అమెరికా సహాయంతో ఉమ్మడి కడుగు కేంద్రం పెట్టుకున్నారు. తరువాత దేశమంతటా అటువంటివి వందలలో లేచాయి. ఆ పల్లెల పిల్లలకే రుచి చూచి మార్కులు వేయడం నేర్పారు. అంతకు ముందు తాము పండించిన కాఫీ రుచి ఆ రైతులలో చాలామందికి తెలియదు. కప్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే అంతర్జాతీయ పోటీ ఆఫ్రికా ఖండంలో మొట్టమొదట జరిగినది 2008లో, రువాండాలోనే.

వారికి ఒక ప్రత్యేకమైన బెడద ఉన్నది. నల్లి జాతి పురుగు పండును కుడితే, లోపలి గింజకు పచ్చి బంగాళాదుంప వాసన పట్టవచ్చు. అటువంటి గింజ ఒక్కటి పడితే కప్పు మొత్తం పారబోయవలసిందే. తేలిన పండ్లను తీసివేసి, కుట్టిన గింజలను మంచెల దగ్గర చేతితో ఏరితే బెడద తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఏరడంలో ఒక్క సభ్యునికి మినహాయింపు ఇస్తే ఏమవుతుందో ఊహించండి.

పండ్లు బాగా ఏరిన చోట కూడా సంఘాలు దెబ్బతింటాయి. కెన్యా సంగతి చూడండి. అక్కడ చిన్న రైతులు సహకార సంఘాల ద్వారానే పండ్లు పోస్తారు. కడిగే కేంద్రాన్ని వారు ఫ్యాక్టరీ అంటారు. కాంటా ముందు ఎవరి పండ్లు వారే ఏరుకునే ఆచారం అక్కడా ఉన్నది. ఆ దేశపు కాఫీకి లోకంలో గొప్ప పేరు. కాని సభ్యునికి డబ్బు ఎప్పుడు? సరుకు కడిగి, ఆరి, మిల్లులో ఆడించి, వేలంలో అమ్ముడై, మధ్యలో అందరి కోతలు పోయిన తరువాత. ఎన్నో నెలలు. ఈలోగా పిల్లల బడి ఫీజుకు దళారి దగ్గర చేయి చాచాలి. 1997 చట్టంతో ప్రభుత్వం సంఘాలపై పర్యవేక్షణ సడలించింది. సంఘాలు చీలాయి, పాలకవర్గాలపై ఆరోపణలు పెరిగాయి. 2004లో చట్టాన్ని సవరించి పర్యవేక్షణను మరల తెచ్చారు. ఇన్‌స్పెక్టర్లము కాబట్టి మాకు ఈ కథ చెప్పడం ఇష్టమేనని మీరనుకోవచ్చు. నిజమే, కొంచెం ఇష్టమే. అయితే పర్యవేక్షణ తిరిగి వచ్చినంత మాత్రాన చెట్టు విడిచిన రైతు తిరిగి రాలేదు. 1980ల చివర లక్ష టన్నులు దాటిన కెన్యా కాఫీ, గత కొన్ని సంవత్సరాలుగా అందులో సగం చుట్టూనే తిరుగుతున్నది. దీనికి ప్రపంచ ధరలు, నగరం చుట్టుప్రక్కల భూముల అమ్మకాలు వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి. కాఫీ విడిచినవారిలో కొందరు ఎటు వెళ్లారో తెలుసునా? పాడికి. పాల డబ్బు నెలనెలా చేతికి వస్తుంది కనుక. పండ్లు తూచగానే కొంత అడ్వాన్సు ఇచ్చేందుకు ఆ ప్రభుత్వం ఇటీవల ఒక నిధి పెట్టవలసి వచ్చింది. పది, పదిహేను రోజుల బిల్లును నెలన్నర సాగదీసే సంఘాలు మన మధ్య కూడా ఉన్నాయి. ఈ మాట ఎవరిని ఉద్దేశించినదో వారికి తెలుసు, పేర్లు అవసరం లేదు.

ఇక మా సొంత తప్పు ఒకటి చెప్పవలసి ఉన్నది. చాలా ఏండ్ల క్రిందట మా పరిధిలో ఒక పాల సంఘం ఉండేది. ఊరు పేరు చెప్పము. దస్త్రాలు ముచ్చటగా ఉండేవి. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. తిరస్కరించిన పాల రిజిస్టరు తెరిస్తే రెండేండ్లలో ఒక్క పద్దు లేదు. ఒక్క క్యాను కూడా వెనక్కి పంపనంత మంచి పాలు పోస్తున్న సంఘమని మెచ్చుకుంటూ మేము తనిఖీ నివేదిక వ్రాశాము. అది చదివి ఆ పాలకవర్గం వారు మాకు మజ్జిగ ఇచ్చారు, మేము త్రాగాము.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం, ఊరిలో పెద్ద ఇంటి నుండి పొద్దుటి పాలు సాయంత్రపు పాలతో కలిపి తెచ్చారు. పరీక్ష చేసే కుర్రవాడికి మూత తీయగానే తెలిసింది. కాని ఆ ఇంటి పాలు వద్దనే ధైర్యం అతనికి లేదు. అంతకు ముందు ఎన్నడూ అనలేదు, అనకూడదని అతనికి నేర్పించారు. అన్నీ కలిపి పంపారు. శీతల కేంద్రంలో మరిగించి చూస్తే విరిగాయి. ఆ పూట పాలన్నీ వెనక్కి వచ్చాయి. నష్టాన్ని లీటర్ల లెక్కన సభ్యులందరికీ పంచి బిల్లులో కోశారు. తరువాతి సమావేశంలో ఒక్క గేదె గల ఒక విధవరాలు లేచి, “నా పాలు విరగలేదు గదా బాబూ, నా డబ్బు ఎందుకు కోశారు?” అని అడిగింది. అధ్యక్షుడు మాట్లాడలేదు. కార్యదర్శి దస్త్రం వైపు చూచాడు. మేమూ ఆ సమావేశంలో ఉన్నాము. మేమూ మాట్లాడలేదు. ఆమె మరునాటి నుండి సైకిలు మీద వచ్చే వర్తకునికి పోయడం మొదలుపెట్టింది. ఆమె వెనుక ఇంకొందరు. ఏడాదిన్నర తిరగకుండా ఆ సంఘాన్ని మూసివేసే కాగితాలు మా చేతుల మీదుగానే వెళ్లాయి.

అప్పటి నుండి తిరస్కరణ రిజిస్టరు ఖాళీగా కనిపిస్తే మాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది. వేసవిలో కూడా ఒక్క క్యాను చెడకుండా ఏ ఊరి పాలు వస్తాయి?

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి గదా, పాలు పోయగానే వెన్న, ఘన పదార్థాల శాతాలు అంకెలలో కనబడుతున్నాయి, చీటీ వస్తున్నది, ఇంకా ఈ గొడవ ఏమిటని అనేవారున్నారు. యంత్రం మంచిదే. కాని శాంపిలు తీసే చేయి మనిషిదే. ఏ గిన్నె నుండి తీశాడు, కలిపి తీశాడా, పైపైన తీశాడా అనేది సభ్యునికి కనబడాలి. అంకెల తెర గోడ వైపు తిరిగి ఉన్న సంఘాలు మాకు రెండు మూడు తెలుసు. దానిని వరుసలో నిలబడినవారి వైపు త్రిప్పడానికి ఏ యూనియన్ అనుమతీ అక్కరలేదు. సభ్యుడు అనుమానం వెలిబుచ్చితే అక్కడికక్కడే రెండవసారి పరీక్ష చేయాలి. ముందుగా అధ్యక్షుని ఇంటి పాలే అందరి ఎదుట పరీక్షించడం ఆచారంగా పెట్టుకుంటే కుర్రవాడికి కాస్త ధైర్యం వస్తుంది. ఇది మా సలహా మాత్రమే, నిబంధనలలో లేదు.

తిరస్కరించిన సరుకు సంగతి కూడా ఉన్నది. కాఫీ కేంద్రాలలో తేలిన పండ్లను పారవేయరు. వేరుగా ఎండబెట్టి తక్కువ రకం క్రింద అమ్ముతారు. రైతుకు పూర్తి నష్టం లేదు కనుక అతడు గొడవపడడు, కుర్రవాడూ దాచిపెట్టడు. పులిసిన పాలను వేరుగా తీసుకొని తగ్గింపు ధర కట్టే ఏర్పాటు మీ యూనియన్‌లో ఉన్నదేమో కనుక్కోండి. ఉంటే ఆ ధర నోటీసు బోర్డు మీద వ్రాయండి. లేకపోతే అడగండి. ఏ పూట ఎవరి పాలు తిరస్కరించినా, కారణం వ్రాసి ఆ సభ్యుని చేత సంతకమో, వేలిముద్రో తీసుకోండి. నష్టం వస్తే అది ఎవరి క్యాను వల్ల వచ్చిందో తెలుస్తుంది, అందరి మీద పంచవలసిన పని ఉండదు.

పేరు, గుర్తింపు, పారిస్ దుకాణం, ఇవన్నీ తరువాతి మాటలు. అక్కడి రైతులను మేము ఆ పేరు గురించి అడిగితే వారు పెద్దగా ఏమీ చెప్పలేదు. ఈ ఏడు రెండవ విడత డబ్బు సంక్రాంతి ముందు వస్తుందా, తరువాత వస్తుందా అన్నదే వారి చర్చ.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. భోజనానంతరం మనం ఆచరణ తరగతి జరుపుకుంటాము. గత వేసవి తిరస్కరణ రిజిస్టరు వెంట తీసుకొని రావలసిందిగా ఆహ్వాన పత్రంలో వ్రాసి ఉన్నాము. తెచ్చినవారు ముందు వరుసలో కూర్చోండి. ఖాళీ రిజిస్టరు తెచ్చినవారు కూడా సంకోచించకుండా ముందుకే రండి, వారితోనే మొదలుపెడదాము.